గైడ్ సారే మెంటర్ అవ్వాలంటే: తిరుపతి, చిత్తూరు యువ వైద్య పరిశోధకులకు అడుగడుగు మార్గదర్శి

పీజీ ఫస్టియర్ వాళ్ళు, రిసెర్చ్ మీద ఆసక్తి ఉన్న ఎంబీబీఎస్ విద్యార్థులు, కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటే: "మంచి మెంటర్ ఎక్కడ దొరుకుతారు?" ఎవరో దొరుకుతారని ఎదురుచూస్తూ ఏడాది గడిపేసేవాళ్ళు చాలామంది. పూర్తి చేయగలిగిన చిన్న పనిని కాగితం మీద పెట్టుకుని వెళ్తే, థీసిస్‌కి డిపార్ట్‌మెంట్ కేటాయించిన గైడే మెంటర్‌గా మారే అవకాశం ఎక్కువ. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ కాగితం ఎలా తయారు చేయాలి, ఎవరికి ఇవ్వాలి, ఇచ్చాక ఏం చేయాలి అన్నదే.

## 1. ముందు మీ లెక్క తేల్చుకోండి

ఎవరి గది తలుపు తట్టకముందే ఒక సాయంత్రం కూర్చుని ఇవి రాసుకోండి.

- వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరు? నైట్ డ్యూటీలు, డిస్ట్రిక్ట్ రెసిడెన్సీలో (జిల్లా ఆసుపత్రి డ్యూటీ) పోయే మూడు నెలలు తీసేసి లెక్కేయండి.
- ఈ పని దేనికి? థీసిస్ గట్టెక్కడానికా, పేపరుకా, ముందుముందు పీహెచ్‌డీకా, ప్రమోషన్‌కా?
- మీకు ఇప్పుడు ఏం వచ్చు? పబ్‌మెడ్‌లో పేపర్లు వెతకడం, ఎక్సెల్‌లో మాస్టర్ చార్ట్ (రోగులందరి డేటా పట్టిక) వేయడం, జొటెరో సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సులు పెట్టడం వచ్చా?
- ఏం రాదు? అది దాచకుండా రాయండి. గైడ్‌కి ఉపయోగపడేది ఈ జాబితానే.

"థీసిస్ గట్టెక్కితే చాలు" అని రాసుకున్నా తప్పేమీ లేదు. అలాంటప్పుడు మూడేళ్ళు ఫాలో-అప్ చేయాల్సిన టాపిక్ మాత్రం ఒప్పుకోకండి.

## 2. ఒక్కరిలోనే అన్నీ వెతక్కండి

క్లినికల్ పరిజ్ఞానం, స్టాటిస్టిక్స్, రాయడం, పరిచయాలు, ఓపిక... ఇవన్నీ ఉన్న మనిషి అరుదు. ఉన్నా ఆయనకు టైం ఉండదు. అవసరాలను విడగొడితే మన ప్రాంతంలోనే మనుషులు సరిపోతారు.

గైడ్: మీ స్పెషాలిటీలో ఉన్న ఫ్యాకల్టీ. సంతకం, బాధ్యత ఆయనవే.

మెథడ్స్ చూసే మనిషి: కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ వాళ్ళను పీజీలు శాంపిల్ సైజ్ (ఎంతమందిని చేర్చాలన్న లెక్క) కోసం మాత్రమే, అదీ చివరి నిమిషంలో కలుస్తారు. మొదటి వారంలోనే కలవండి, వీలైతే కో-గైడ్‌గా పెట్టుకోండి. తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఎస్వీ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ విభాగం కూడా దగ్గరే.

ల్యాబ్, డేటా సైన్స్ వైపు: ఏర్పేడు దగ్గర ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధన సంస్థ), ఐఐటీ రెండూ ఉన్నాయి. మన దగ్గర రోగులు, శాంపిళ్ళు ఉంటాయి. వాళ్ళ దగ్గర పరికరాలు, కోడింగ్ తెలిసినవాళ్ళు ఉంటారు. కలిసి పనిచేయాలంటే రెండు సంస్థల ఎథిక్స్ కమిటీల (రోగుల భద్రత, హక్కులు చూసే కమిటీలు) అనుమతులు, శాంపిళ్ళ మార్పిడి ఒప్పందం కావాలి కాబట్టి, ఆరు నెలల్లో తేల్చాల్సిన థీసిస్‌కి ఈ దారి పట్టకండి. అసిస్టెంట్ ప్రొఫెసర్లకు మాత్రం ఇది నిజంగా మంచి దారి.

సీనియర్: మీకంటే రెండేళ్ళు ముందున్న అన్నో అక్కో. ఎథిక్స్ కమిటీ దరఖాస్తుకు ఎన్ని కాపీలు, ఎంఆర్‌డీలో (మెడికల్ రికార్డుల విభాగం) పాత కేస్ షీట్లు ఎవరిని అడిగితే దొరుకుతాయి వంటివి ప్రొఫెసర్‌కి తెలియవు, వీళ్ళకే తెలుసు.

బయటి మనిషి: మీ ప్రమోషన్‌తో, మీ హెచ్‌ఓడీతో (విభాగాధిపతి) సంబంధం లేని ఒకరు. చిత్తూరు వైపు వాళ్ళకు వేలూరు సీఎంసీ గంట దూరంలో ఉంది. చెన్నైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ ఉంది. వాళ్ళు పెట్టే వర్క్‌షాపులకు వెళ్తే పరిచయాలు వాటంతటవే అవుతాయి.

## 3. గైడ్ గురించి ముందే వాకబు చేయండి

గైడ్‌ని ఎంచుకునే వీలు అన్నిచోట్లా ఉండదు. ఉన్నచోట పేరు చూసి కాకుండా పని చూసి ఎంచుకోండి. క్యాంటీన్‌లో సీనియర్లను ఇవి అడగండి:

- గత రెండు బ్యాచ్‌ల థీసిస్‌లలో పేపరుగా వచ్చినవి ఎన్ని? (పబ్‌మెడ్‌లో సార్ పేరు కొట్టినా చాలావరకు తెలుస్తుంది.)
- వాటిలో పీజీ పేరు ముందుందా, ఎక్కడో మధ్యలో ఉందా?
- డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్ళకు తిరిగొస్తుంది?
- తప్పు జరిగితే వార్డులో అందరి ముందు అరుస్తారా, గదిలోకి పిలిచి చెబుతారా?
- ప్రభుత్వ కాలేజీ అయితే, బదిలీ గానీ రిటైర్మెంట్ గానీ దగ్గర్లో ఉందా?

పెద్ద పేరున్న హెచ్‌ఓడీ ఒకవైపు, పది రోజుల్లో డ్రాఫ్ట్ దిద్ది ఇచ్చే అసోసియేట్ ప్రొఫెసర్ ఒకవైపు ఉంటే, నన్నడిగితే రెండో మనిషే.

## 4. ప్రశ్నను చేతికి అందేంత చిన్నది చేయండి

అసలు పని ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

"షుగర్ పేషెంట్లలో పాదాల సమస్యల మీద చేస్తాను సార్" అని వెళ్తే, "మంచిదమ్మా, చదువుకుని రా" అంటారు. మీరు చదువుకుంటూనే ఉంటారు. అదే టాపిక్‌ని ఇలా దించండి:

"మా డయాబెటిస్ ఓపీకి వచ్చేవాళ్ళలో, షుగర్ వచ్చి ఐదేళ్ళు దాటినవాళ్ళకు, 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో పరీక్షిస్తే పాదంలో రక్షక స్పర్శ తగ్గినవాళ్ళు ఎంత శాతం?"

(మోనోఫిలమెంట్ అంటే స్పర్శ పరీక్షకు వాడే నైలాన్ పోగు.) ఎవరు, ఎక్కడ, దేంతో కొలుస్తాం, ఏం తెలుసుకుంటాం అన్నవి నాలుగూ వచ్చాయి. ఇప్పుడు లెక్క. మన పీజీలందరూ వాడే 4పీక్యూ బై డీ స్క్వేర్ సూత్రమే తీసుకుందాం. స్పర్శ తగ్గినవాళ్ళు 20 శాతం ఉంటారని అనుకుంటే పీ 20, వందలో మిగతా క్యూ 80. తేడా, అంటే డీ, 5 శాతం వరకు ఒప్పుకుంటే 4 × 20 × 80 ÷ 25 = 256 మంది.

పది మందిలో ఒకరు ఒప్పుకోకపోవచ్చు. 256ని 0.9తో భాగిస్తే 285 మందిని అడగాలి. ఇప్పుడు ఓపీ రిజిస్టర్ తెరిచి, ఐదేళ్ళు దాటిన షుగర్ ఉన్నవాళ్ళు వారానికి ఎంతమంది వస్తున్నారో చూడండి. పది మందే అయితే 29 వారాలు, అంటే దాదాపు ఏడు నెలలు. ఇది చేయగలిగిన పనే.

అదే సూత్రంలో డీ విలువను 5 అని కాకుండా పీ విలువలో ఐదో వంతుగా, అంటే 4గా తీసుకుంటే శాంపిల్ 400 అవుతుంది. అడగాల్సినవాళ్ళు 445 మంది, పట్టేది 45 వారాలు. ఒక్క అంకె మారితే నాలుగు నెలలు పెరిగాయి. ఈ అంకె గురించే మెథడ్స్ చూసే మనిషిని ముందే కలవమన్నది.

తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాటు

- పీ విలువను ఎక్కడో యూరప్ పేపరులోంచి ఎత్తుకోవడం. మన రాష్ట్రాల నుంచో, దక్షిణాది నుంచో వచ్చిన పేపరు వెతకండి. తిరుపతి స్విమ్స్ వెలువరించే జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రిసెర్చ్ వంటివి తిరగేస్తే మన దగ్గర ఏం జరిగిందో తెలుస్తుంది.
- "నెలకు వంద కేసులు వస్తాయి" అని నోటి లెక్క చెప్పడం. నెల రోజుల రిజిస్టర్ ఎంట్రీలు లెక్కబెట్టి చెప్పండి.
- ఒక థీసిస్‌లో ఐదు లక్ష్యాలు పెట్టడం. ప్రధానమైనది ఒకటి, పక్కన మరొకటి చాలు.
- కావలసిన కిట్ ఖర్చు చూసుకోకపోవడం. ఎవరు కొంటారో తేలకుండా సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఇవ్వకండి. ఎండీ, ఎంఎస్ థీసిస్‌లకు ఐసీఎంఆర్ ఆర్థిక సాయం ఉంది; దరఖాస్తు గడువు ముందే చూసుకోండి.

## 5. మొదటి మెసేజ్

"సార్, మీరు నాకు మెంటర్‌గా ఉంటారా?" అని అడిగితే అవతలివాళ్ళకు ఏం ఒప్పుకుంటున్నారో అర్థం కాదు. ఒక్క సందేహం, 15 నిమిషాలు అడగండి. ఉదాహరణకు:

"నమస్తే మేడమ్. నేను జనరల్ మెడిసిన్ పీజీ ఫస్టియర్. ఐదేళ్ళు దాటిన షుగర్ పేషెంట్లలో పాదాల స్పర్శ తగ్గడం మీద థీసిస్ చేయాలనుకుంటున్నాను. ప్రశ్న, శాంపిల్ లెక్క, ఓపీ రిజిస్టర్ లెక్క ఒక పేజీలో జత చేశాను. నేను 20 శాతం అని తీసుకున్నది సరైనదేనా అన్న ఒక్క విషయంలో మీ సలహా కావాలి. ఈ వారం మీకు వీలైనప్పుడు ఓపీ అయ్యాక 15 నిమిషాలు కలవచ్చా మేడమ్?"

జవాబు రాకపోతే వారం ఆగి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే ఓపీ చివర్లో నేరుగా కలవండి. మన దగ్గర వాట్సాప్ కంటే మనిషి కనబడితేనే పనవుతుంది. రౌండ్స్ మధ్యలో మాత్రం అడగకండి.

## 6. మొదటి మీటింగ్‌లోనే తేల్చుకోవాల్సినవి

మొహమాటం వల్ల ఇక్కడ నోరు విప్పరు. రెండేళ్ళ తరువాత గొడవలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

- ఎన్నాళ్ళకు ఒకసారి కలుస్తాం? నెలకు రెండుసార్లు, 20 నిమిషాలు చాలు.
- డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని రోజులు ఆగి గుర్తు చేయవచ్చు?
- డేటా ఎవరి దగ్గర ఉంటుంది? నేను కోర్సు ముగించి వెళ్ళిపోతే?
- పేపరులో మొదటి పేరు ఎవరిది, కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాళ్ళు) ఎవరు?

చివరి ప్రశ్న ఎలా అడగాలో తెలియక ఆగిపోతారు. "సార్, థీసిస్ పేపరుగా పంపేటప్పుడు పేర్ల వరుస ఎలా పెడదాం?" అని మామూలుగా అడిగేయండి. పెద్ద జర్నళ్ళు అనుసరించే ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ళ ఎడిటర్ల కమిటీ) నియమాల ప్రకారం ఆథర్ అనాలంటే నాలుగు షరతులూ ఉండాలి: ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర, రాయడం లేదా లోతుగా దిద్దడం, చివరి ప్రతికి ఆమోదం, పనికి జవాబుదారీ. గది ఇచ్చినందుకు, హోదా ఉన్నందుకు పేరు పెట్టడం ఈ నియమాల్లో లేదు. వాళ్ళకు కృతజ్ఞతల్లో చోటుంది.

మీటింగ్ అయ్యాక ఆ రాత్రే, "సార్, ఈరోజు అనుకున్నవి ఇవి" అని నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. ఒప్పందం అన్న మాట వాడకండి, అవసరం లేదు. మెయిల్ ఉంటే చాలు.

## 7. అనుమతులు: ఈ వరుస తప్పకండి

1. సినాప్సిస్ మీద గైడ్, కో-గైడ్ సంతకాలు.
2. సైంటిఫిక్ కమిటీ ఉంటే దాని ఆమోదం.
3. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చేతికి రావాలి. "మీటింగ్‌లో ఓకే అన్నారు" అన్నది అనుమతి కాదు.
4. మందునో, చికిత్సా పద్ధతినో పరీక్షిస్తుంటే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ) నమోదు. మొదటి రోగిని చేర్చుకోకముందే చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి వెనకటి తేదీల నమోదు ఒప్పుకోవడం లేదు. రుసుము లేదు.
5. ఆ తరువాతే మొదటి రోగి.

పాత కేస్ షీట్లు చూసే పనికి కూడా ఎథిక్స్ కమిటీ దగ్గరికి వెళ్ళాల్సిందే. పేర్లు, ఐపీ నంబర్లు తీసేసిన డేటా అయితే రోగుల సమ్మతి నుంచి మినహాయింపు అడగవచ్చు. అది ఇచ్చేది కమిటీ, మీకు మీరు ఇచ్చుకునేది కాదు.

సమ్మతి పత్రం తెలుగులో ఒక్కటే చేసి ఊరుకోకండి. తిరుపతి, చిత్తూరు ఆసుపత్రులకు తమిళం మాట్లాడేవాళ్ళు బాగా వస్తారు, కుప్పం వైపు కన్నడం కూడా కావాలి. చదువు రాని రోగి అయితే పత్రం చదివి వినిపించాలి, మీ బృందంలో లేని సాక్షి ఒకరు పక్కన ఉండి సంతకం చేయాలి. పత్రం ఖరారు చేసే ముందు వార్డు ఆయమ్మకో సెక్యూరిటీ అతనికో చదివి వినిపించండి. ఎక్కడ "అంటే ఏంది సార్?" అన్నారో అక్కడ మార్చండి.

## 8. రోగి మళ్ళీ వస్తాడా?

ఫాలో-అప్ ఉన్న స్టడీలు మన ఊళ్ళో దెబ్బతినేది ఇక్కడే. దర్శనానికి వచ్చి జ్వరంతో అడ్మిట్ అయిన మనిషి మూడు నెలల తరువాత రాడు. కడప, నెల్లూరు, అనంతపురం నుంచి వచ్చేవాళ్ళకు ఒక్క రక్తపరీక్ష కోసం మళ్ళీ బస్సెక్కడం భారమే.

- చేర్చుకునే షరతుల్లోనే నివాసం గురించి రాయండి. దూరాన్ని బట్టి కొందరిని వదిలేస్తే, ఫలితం ఎవరికి వర్తిస్తుందో థీసిస్‌లో ఒప్పుకోవాలి.
- రెండు ఫోన్ నంబర్లు తీసుకోండి: రోగిది, ఇంట్లో చదువుకున్న కొడుకుదో కూతురిదో.
- ఫాలో-అప్ తేదీని మందులు తీసుకునే తేదీకే కలపండి.
- బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగ జాతర వారాల్లో తేదీలు వేయకండి. టౌన్‌లోకి రావడమే కష్టం.
- టైం లేకపోతే ఫాలో-అప్ స్టడీ వదిలి, ఒక్కసారి చూసి కొలిచే క్రాస్ సెక్షనల్ స్టడీకి మారండి. ఇది చిన్నతనం కాదు.

## 9. ప్రతి మీటింగ్‌కి ఒక పేజీ

"ఎంతవరకు వచ్చింది?" అని సార్ అడిగితే "చేస్తున్నాను సార్" అనే జవాబుతో మీటింగ్ అయిపోతుంది. పేజీ తీసుకెళ్తే సార్ కన్ను దాని మీద పడుతుంది, పెన్ను బయటికి వస్తుంది. అందులో ఉండాల్సినవి:

- పోయినసారి అనుకున్నది, అయినది, కానిది
- అంకెలు: అడిగినవాళ్ళు 62, చేరినవాళ్ళు 55, వద్దన్నవాళ్ళు 7, ఇలా
- ఈరోజు సార్ తేల్చాల్సిన ఒకటి రెండు విషయాలు
- వచ్చేసారికి నేను చేసేది

మాస్టర్ చార్ట్‌ని మొదటి 20 మంది పూర్తవగానే చూపించండి. వయసు గడిలో "45 ఏళ్ళు" అని అక్షరాల్లో ఉండటం, కొందరికి మగకు 1, కొందరికి 2 వేయడం వంటివి అప్పుడే బయటపడతాయి. 256 మంది అయ్యాక బయటపడితే టెన్షన్ మీకే. కోబో టూల్‌బాక్స్ వంటి ఉచిత సాధనాల్లో ఫారం చేసుకుంటే ఇలాంటి తప్పులు సగం రావు. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు విడి ఫైల్లో పాస్‌వర్డ్‌తో ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు.

## 10. రాయడం, పంపడం

థీసిస్ అంతా అయ్యాక పేపరు రాద్దామనుకుంటే అది రాయరు. మెథడ్స్ భాగం డేటా సేకరిస్తుండగానే రాసేయండి; సినాప్సిస్‌లో ఉన్నదాన్ని భూతకాలంలోకి మార్చడమే. పేపరులో ఏమేం ఉండాలో చెప్పే చెక్‌లిస్టులు ఉన్నాయి: పైన చెప్పిన పాదాల స్టడీ లాంటి వాటికి స్ట్రోబ్, ట్రయల్స్‌కి కన్సార్ట్, కేస్ రిపోర్టుకి కేర్. వీటిని చివర్లో కాదు, ప్రొఫార్మా (డేటా రాసుకునే ఫారం) తయారుచేసే రోజే ప్రింట్ తీసుకోండి.

ఏఐతో ఇంగ్లీషు దిద్దించుకుంటే ఆ సంగతి పేపరులో చెప్పండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకండి, లేని పేపర్లను ఉన్నట్టు ఇస్తుంది. రోగి వివరాలు అందులో పెట్టనే వద్దు.

జర్నల్‌కి పంపే ముందు:

- "గౌరవనీయ ప్రొఫెసర్ గారూ" అంటూ మెయిల్ వచ్చిందా? ముందు అనుమానించండి.
- డీఓఏజేలో, పబ్‌మెడ్‌లో, స్కోపస్‌లో నిజంగా ఉందా? జర్నల్ వెబ్‌సైట్ మాట నమ్మకుండా ఆ డేటాబేస్‌లోనే వెతకండి.
- ఫీజు ఎంతో ముందే రాసి ఉందా?
- మీ గైడ్ గానీ, కో-గైడ్ గానీ అందులో ఒక్క పేపరైనా చదివారా?

ప్రమోషన్ కోసం చూసే ఫ్యాకల్టీ, ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) నిబంధనల తాజా ప్రతిని డౌన్‌లోడ్ చేసుకుని చదవండి. ఏ ఇండెక్సింగ్ చెల్లుతుంది, పేర్ల వరుసలో ఎక్కడుండాలి అన్నవి మారుతూ ఉంటాయి. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళు చెప్పింది మూడేళ్ళ కిందటిది కావచ్చు.

## 11. గైడ్‌తో ఇబ్బంది వస్తే

డ్రాఫ్ట్ తిరిగి రావడం లేదు: మొత్తం థీసిస్ కాకుండా మూడు పేజీలే ఇవ్వండి. "ఈ రెండు టేబుల్స్ ఒక్కసారి చూడండి సార్" అంటే ఆ రోజే చూస్తారు.

టాపిక్ మార్చమంటున్నారు: ఎథిక్స్ అనుమతి వచ్చాక మారిస్తే సవరణ దరఖాస్తు పెట్టి మళ్ళీ ఆమోదం తీసుకోవాలి. ఆ సంగతి, దానికి పట్టే వారాలు తేదీలతో సహా కాగితం మీద చూపించండి. వాదన కంటే క్యాలెండర్ బాగా పనిచేస్తుంది.

ఇద్దరు గైడ్‌లు రెండు మాటలు చెబుతున్నారు: ఇద్దరికీ ఒకే మెయిల్ పెట్టి, ఒకే గదిలో కూర్చోబెట్టమని అడగండి. మధ్యవర్తిగా తిరగకండి.

అంకెలు "సర్దమంటున్నారు": చేయకండి. అసలు ప్రొఫార్మాలు జాగ్రత్త పెట్టుకుని, బయటి మెంటర్‌తో మాట్లాడి, ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీని కలవండి. వేధింపు అయితే కాలేజీలోని సంబంధిత కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. తేదీలు రాసుకుంటూ ఉండండి.

గైడ్ మారక తప్పదనుకుంటే మొదటి ఏడాదిలోనే మారండి. హెచ్‌ఓడీకి చెప్పేటప్పుడు మనిషి గురించి కాక, టాపిక్‌కి కావలసిన నైపుణ్యం గురించి మాట్లాడండి.

## 12. ఏ దశలో ఏం చేయాలి

ఎంబీబీఎస్: ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, రెండు నెలల పని. దరఖాస్తు గైడ్ ఉంటేనే పెట్టగలరు, కాబట్టి నోటిఫికేషన్ రాకముందే ప్రశ్న, గైడ్ సిద్ధంగా ఉండాలి.

పీజీ ఫస్టియర్: సినాప్సిస్, ఎథిక్స్ అనుమతి, రిసెర్చ్ మెథడాలజీ కోర్సు. ఐసీఎంఆర్ వారి ఎపిడెమియాలజీ సంస్థ నడిపే బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రిసెర్చ్ పాఠాలు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. ఓర్సిడ్ నంబర్ (పరిశోధకులకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా తీసుకోండి, ఐదు నిమిషాల పని. ఇంటి పేరు ముందు పెడతారా, చివర పెడతారా అన్నది అప్పుడే నిర్ణయించుకుని అన్ని పేపర్లలో అలాగే రాయండి. మనవాళ్ళ పేపర్లు రెండు మూడు పేర్ల కింద చెదిరిపోయేది ఇందువల్లే.

సెకండియర్: డేటా, ఒక కాన్ఫరెన్స్‌లో పోస్టరో పేపరో.

థర్డ్ ఇయర్: పరీక్షకు ఆరు నెలల ముందే థీసిస్ ఇవ్వాలి. గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుని విశ్లేషణ తేదీ పెట్టుకోండి.

సీనియర్ రెసిడెంట్, అసిస్టెంట్ ప్రొఫెసర్: థీసిస్ పేపరు ముందు బయటికి పంపండి, తరువాతే కొత్త పని. ఆపైన ఐసీఎంఆర్ ప్రాజెక్టులు, హైదరాబాద్‌లో ఉన్న, పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ ఫెలోషిప్‌లు చూడవచ్చు. మొదటిసారే పెద్ద గ్రాంట్‌కి వెళ్ళే ముందు, మీ కాలేజీలో సీడ్ గ్రాంట్ (పని మొదలుపెట్టడానికి ఇచ్చే చిన్న నిధి) ఉందేమో అడగండి.

ఫెలోషిప్‌కి రికమెండేషన్ లెటర్ కావాలంటే గడువుకి మూడు వారాల ముందు అడగండి. సీవీ, ప్రకటన లింకు, సార్‌తో కలిసి చేసిన పనుల జాబితా, లెటర్‌లో రావాలనుకునే మూడు విషయాలు ఒకే మెయిల్‌లో పంపండి. "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతా" అంటారు చాలామంది. అప్పుడు పొగడ్తలు తగ్గించి, ఏ నెలలో ఏం చేశారో రాసి తీసుకెళ్ళండి. సార్ తన మాటలు రెండు కలపడానికి కింద ఖాళీ వదలండి.